ఆప్షన్లు మీ చేత్తోనే పెట్టండి

(నల్లగొండ జిల్లా దేవరకొండలో ఇంటర్ విద్యార్థులు, వారి తల్లిదండ్రులతో జరిగిన సమావేశంలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి. కింద కూర్చోకండి, కుర్చీలు మీకోసం కూడా వేసినవే. ఈ మాటలు పిల్లలు ఎంత వినాలో మీరూ అంతే వినాలి.

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఈపాటికి మీ ఇళ్లకు ఫోన్లు మొదలై ఉంటాయి. "మా కాలేజీలో చేరండి, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, బస్సు ఊళ్లోకే వస్తుంది, మెమో జిరాక్సు, ఆధార్ ఇస్తే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అని. అట్లా ఎవరికి ఫోన్ వచ్చిందో చేతులెత్తండి.

(సగానికి పైగా చేతులు లేచాయి.)

చూశారా. మీ నంబరు వాళ్లకు ఎక్కడిదో మీకు తెలియదు. మీరేం చదవాలనుకుంటున్నారో వాళ్లకు తెలియదు, అడగరు కూడా. "మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్న మాటకు మీరు సరే అన్నారంటే మీ మూడేళ్లు వేరేవాళ్ల చేతికి పోయినట్టే. ఏ కోర్సు మంచిది, ఏ యూనివర్సిటీ మంచిది అని అడగడానికి మీరొచ్చారు. నాకు తెలిసినంత చెబుతాను. కానీ దానికంటే ముందు తేలాల్సింది ఒకటుంది. ఆ నిర్ణయం చేస్తున్నది మీరేనా?

మన దగ్గర ఏం జరుగుతుందో మీ అందరికీ తెలుసు. దోస్త్, అంటే డిగ్రీ కాలేజీల్లో ఆన్‌లైన్ అడ్మిషన్ల నోటిఫికేషన్ వస్తుంది. పిల్లవాడు, వాళ్ల నాయన బండి మీద తండా నుంచి కొండమల్లేపల్లికో దేవరకొండకో వస్తారు. నెట్ సెంటర్ ముందు లైను. లోపలున్న అబ్బాయి ఒకేసారి ముగ్గురి ఫారాలు నింపుతుంటాడు. "ఏ గ్రూపు?" అంటాడు. "బైపీసీ అన్నా." "అయితే లైఫ్ సైన్సెస్ పెడుతున్నా. కాలేజీ?" పిల్లవాడు నాయన దిక్కు చూస్తాడు, నాయన ఆ అబ్బాయి దిక్కు చూస్తాడు. "అందరూ దీనికే పెడుతున్నరు" అని అతనే ఒక పేరు కొడతాడు. ఓటీపీ అడుగుతాడు, చెబుతారు. ప్రింటు చేతికొస్తుంది. మొత్తం పది నిమిషాలు. ఒక బర్రెను కొనాలంటే మూడు ఊళ్లు తిరిగి, పళ్లు చూసి, ఎన్నో ఈతో అడిగి, పాలు పిండించి చూసి కొనే మనం, బిడ్డ చదువు దగ్గర ఆ పది నిమిషాలతో సరిపెడుతున్నాం. నెట్ సెంటర్ అబ్బాయిని నేను తప్పుపట్టను. ఫారం నింపడం అతని పని, నింపుతున్నాడు. ఏం నింపాలో రాసుకుని పోవాల్సింది మనం.

దోస్త్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సీట్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఇది 2016లో మొదలైంది. అంతకుముందు ఒక్కో కాలేజీకి ఒక్కో దరఖాస్తు, ఒక్కో ఫీజు. ఇప్పుడు ఉస్మానియా, కాకతీయ, మన మహాత్మాగాంధీ, పక్కన పాలమూరు, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీ, వీటి కిందున్న డిగ్రీ కాలేజీలన్నిటికీ ఒకే దరఖాస్తు. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ ఫీజు 200 రూపాయలు. సీటు ఇంటర్ మార్కుల మీద, రిజర్వేషన్ మీద వస్తుంది. దీనికి వేరే ఎంట్రెన్సు లేదు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు చాలామందికి ఒక భయం ఉంటుంది. "పైన పెద్ద కాలేజీ పెడితే, అది రాకపోతే, కింద ఉన్నది కూడా పోతుందేమో" అని. పోదు. కంప్యూటర్ మీ వరుసను పైనుంచి చూసుకుంటూ వస్తుంది. మీ మార్కులకు సీటు దొరికిన చోట ఆగుతుంది. ఆ కిందవి ఇక చూడదు. అంటే మీకు అన్నిటికంటే ఇష్టమైనది, వస్తుందో రాదో అనిపించినా సరే, ఒకటో నంబరులో పెట్టాలి. తప్పక వస్తుందనుకున్నదాన్ని కిందకు దించాలి. పైన పెట్టారంటే అదే వచ్చి కూర్చుంటుంది, మీకు నిజంగా కావాల్సినదాన్ని కంప్యూటర్ చూడనే చూడదు. ఇంకొకటి, ఒక్క కాలేజీ పేరే పెట్టి వదిలేయకండి. "మాది ఒక్కటే పెట్టండి, సీటు గ్యారంటీ" అని ఎవరైనా అన్నారంటే అది మీ మేలు కోరి అంటున్న మాట కాదు.

సీటు వచ్చినట్టు మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకోవద్దు. గడువులోపల ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలి, అంటే ఆ సీటు మాకు కావాలని ఒప్పుకోవాలి. చెయ్యకపోతే ఆ సీటు పోతుంది. ఇంకా మంచి సీటు కోసం తర్వాతి విడతలో ప్రయత్నిస్తామనుకున్నా, ముందు ఇది చేసుకునే పోవాలి. చివర్లో అదే కాలేజీలో ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు మారే అవకాశం కూడా ఇస్తారు. అది చాలామందికి తెలియక, ఇష్టంలేని గ్రూపులోనే మూడేళ్లు ఈడుస్తారు.

ఓటీపీ సంగతి గట్టిగా చెబుతున్నాను. ఆధార్‌కు లింకైన ఫోను మీ ఇంట్లోవాళ్ల చేతిలో ఉండాలి. ఆ అంకెలు చెప్పారంటే మీ పేరు మీద ఆప్షన్లు పెట్టే అధికారం వాళ్లకిచ్చేసినట్టే. సాయం కావాలంటే ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో హెల్ప్‌లైన్ సెంటర్లు పెడతారు, అక్కడికి పోండి. ఇంకో ముఖ్యమైన పని ఇవాళే ఇంటికెళ్లి చెయ్యండి. పదో తరగతి మెమోలో మీ పేరు ఎట్లుంది, ఆధార్‌లో ఎట్లుందో పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉంటుంది. ఒక్క అక్షరం తేడాతో స్కాలర్‌షిప్ ఆగిపోయి, ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన పిల్లలను ప్రతి ఏడూ చూస్తూనే వచ్చాను. కులం, ఆదాయం సర్టిఫికెట్లు కూడా మీసేవలో ఇప్పుడే పెట్టుకోండి. అందరూ ఎగబడే వారంలో పెడితే గడువుకు చేతికి రావు.

ఇక కోర్సు.

"సార్, ఏ డిగ్రీ చేస్తే ఉద్యోగం వస్తుంది?" అని అడుగుతారు. ఉద్యోగాల్లో రెండు రకాలున్నాయి. గ్రూప్-1, గ్రూప్-2, ఎస్సై, బ్యాంకు ఆఫీసర్, సివిల్స్, వీటికి ఏ డిగ్రీ అయినా చాలు. బీఏ చదివినా ఒకటే, బీటెక్ చదివినా ఒకటే. వాటి మీద మనసున్న పిల్లవాడు బీఏలో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివితే ఆ పరీక్షల సిలబస్‌లో చాలా భాగం తరగతి గదిలోనే అయిపోతుంది. అయినా "బీఏనా?" అని ముఖం చిట్లించే చుట్టాలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ల మాట పట్టించుకోకండి.

రెండో రకంలో మాత్రం డిగ్రీలో ఏ సబ్జెక్టు తీసుకున్నావన్నదే ఉద్యోగం దగ్గర తలుపు తీస్తుంది, లేదా మూస్తుంది. మన ప్రాంతంలో టీచరు కావాలనుకునే పిల్లలు చాలామంది, ముఖ్యంగా ఆడపిల్లలు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో చదివిన సబ్జెక్టు, బీఈడీలో చేసిన మెథడాలజీ రెండూ కలవాలి. జూనియర్ లెక్చరర్ కావాలంటే అదే సబ్జెక్టులో పీజీ ఉండాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదవాలంటే డిగ్రీలో కెమిస్ట్రీ ఉండాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే అనిపిస్తుంది. కానీ కాంబినేషన్ ఎంచుకునేటప్పుడు ఎవరూ గుర్తుచెయ్యరు. "కంప్యూటర్స్ ఉంటే మంచిది" అని కెమిస్ట్రీ తీసేసి కంప్యూటర్ సైన్స్ పెట్టుకున్న అమ్మాయి, మూడేళ్ల తర్వాత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తానని నా దగ్గరికొస్తే నేనేం చెప్పగలను? ఆమె తెలివైనది, మార్కులున్నాయి, అర్హత లేదు. అందుకే కోర్సు పేరు చూసి ఆగిపోకండి. దాంట్లో మూడు సబ్జెక్టులేంటి, వాటితో ఏ పీజీకి పోవచ్చు, ఏ పోస్టుకు పనికొస్తుంది అన్నది కాగితం మీద రాసుకోండి. అది రాయలేకపోయారంటే ఆ కోర్సు మీకింకా తెలియనట్టే.

ఇంకో సంగతి. మన చుట్టూ ఏమున్నాయో కూడా చూడండి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో, ఇటు చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల కంపెనీలున్నాయి. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలను క్వాలిటీ కంట్రోల్‌లో, ప్రొడక్షన్‌లో తీసుకుంటారు. జీతం మొదట్లో గొప్పగా ఉండదు, నైట్ షిఫ్టులుంటాయి, అది దాచను. కానీ పని వచ్చినవాడు రెండు మూడేళ్లలో నిలదొక్కుకుంటాడు. ఆ ఇంటర్వ్యూల్లో అడిగేది ఏమిటి? నార్మాలిటీకి, మొలారిటీకి తేడా చెప్పు. పీహెచ్ మీటర్ ఎట్లా సరిచూస్తావు. టైట్రేషన్ చెయ్యి. అంతే. ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. ఎందుకో తెలుసా? వాళ్లు మూడేళ్లలో బ్యూరెట్, అంటే ద్రావణం చుక్కలుగా వదిలే గాజు గొట్టం పట్టుకోలేదు. రికార్డు మాత్రం అందంగా రాశారు, సీనియర్ల రికార్డు చూసి. పైపెట్‌తో 20 మిల్లీలీటర్ల యాసిడ్ తీసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, పైనుంచి కాస్టిక్ సోడా ద్రావణం చుక్క చుక్కగా వదులుతుంటే ఒక్క చుక్క దగ్గర లేత గులాబీ రంగు తిరిగి నిలుస్తుంది. ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆగడం పుస్తకం చదివితే రాదు. పది సార్లు దాటిపోతే పదకొండోసారి వస్తుంది. రంగు ముదిరిపోయిందంటే లెక్క తప్పినట్టే, మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. అట్లా చేయించే కాలేజీలో చదివావా లేదా అన్నది ఇంటర్వ్యూలో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కాబట్టి కాలేజీ చూడటానికి పోయినప్పుడు ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇస్తే తాగండి, తప్పులేదు. తర్వాత "సార్, ల్యాబ్ ఒకసారి చూస్తాం" అనండి. తల్లిదండ్రులు సైన్సు చదవకపోయినా ఫరవాలేదు, కళ్లుంటే చాలు. సింకు చూడండి, తడిగా ఉందా, ఎన్ని నెలల నుంచి ఎండిపోయి ఉందా. కుళాయి తిప్పి చూడండి. సీసాల మీద చీటీలు చూడండి, ద్రావణం తయారుచేసిన తేదీ రాస్తారు. ఆ తేదీ ఏ సంవత్సరానిదో చదవండి. త్రాసు మీద దుమ్ముందా. గ్యాస్ బర్నర్‌కు ట్యూబు ఉందా. తాళంచెవి కోసం అటెండరు పావుగంట వెతికాడంటే ఇంకేం చూడక్కర్లేదు. బోటనీ అయితే మొక్కలేవి, స్పెసిమెన్లేవి అని అడగండి. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచారు. జిల్లాలో ఎక్కడో ఉన్న ఒక సర్కారు కాలేజీ ఆవరణలో అంత పని జరిగింది. బోటనీ చదవాలనుకునే పిల్లలు ఒకసారి పోయి చూసి రండి. పెద్ద బిల్డింగు వేరు, చదువు చెప్పే డిపార్ట్‌మెంటు వేరు అన్నది అక్కడ అర్థమవుతుంది.

ల్యాబ్ తర్వాత టైంటేబుల్ అడగండి. మీ గ్రూపులో ఒక్కో సబ్జెక్టుకు ఎవరు చెబుతున్నారు, వాళ్లేం చదివారు, ఎన్నేళ్లుగా ఉన్నారు. ఆ తర్వాత గేటు బయట సెకండియర్ పిల్లలతో మాట్లాడండి. "నిన్న ఎన్ని క్లాసులు జరిగాయి?" అని అడగండి. క్లాసులు బాగుంటాయా అని అడిగితే బాగుంటాయనే అంటారు. నిన్న ఎన్ని జరిగాయంటే లెక్క చెబుతారు.

కాలేజీ నాణ్యతకు ఇచ్చే న్యాక్ గ్రేడు చూడండి, యూజీసీ గుర్తింపు, యూనివర్సిటీ అఫిలియేషన్ చూడండి. ఇవి లేకపోతే అటువైపు పోవద్దు. ఉంటే మాత్రం అంతటితో సరిపోయిందనుకోవద్దు.

యూనివర్సిటీ పేరు గురించి చాలామందికి బెంగ. "ఉస్మానియా సర్టిఫికెట్ అయితే విలువ" అంటారు. ఉస్మానియా 1918 నాటిది, ఆ పేరుకు బరువుంది, కాదనను. నిజాం కాలేజీ 1887 నుంచి ఉంది. ఆడపిల్లలకు కోఠిలోని మహిళా కాలేజీ 1924లో మొదలై ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైంది. మంచి మార్కులుండి, హాస్టల్ దొరికి, ఖర్చు భరించగలిగితే వాటిని పైన పెట్టండి. కానీ నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కాలేజీ, మనం ఎన్జీ కాలేజీ అంటాం, 1956 నుంచి ఉంది, అటానమస్. మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ కాలేజీ ఉంది, ఆడపిల్లలకు ఎన్టీఆర్ మహిళా కాలేజీ ఉంది. మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. ఉద్యోగ నోటిఫికేషన్‌లో డిగ్రీ ఏ యూనివర్సిటీది అని తేడా ఉండదు, గుర్తింపు ఉందా లేదా అన్నదే అడుగుతారు. పీజీకి పోయేటప్పుడు కూడా ఈ యూనివర్సిటీలన్నిటికీ సీపీగెట్ అనే ఒకటే పరీక్ష. ఇక్కడ డిగ్రీ గట్టిగా చదివి పీజీకి ఉస్మానియా క్యాంపస్‌కు పోయినవాళ్లు ఎంతోమంది. హైదరాబాద్‌లో ఏదో సందులో మూడో అంతస్తులో నడిచే కాలేజీలో చేరి, గది అద్దెకు, మెస్సుకు నాయన పంపిన పత్తి డబ్బులన్నీ పెట్టి, క్లాసులకు పోకుండా తిరిగి వచ్చినవాళ్లనూ చూశాను. ఊరు పేరు చూసి మోసపోకండి.

హైదరాబాద్ పోవాలనే ఉంటే ఇంకొంచెం పెద్దదే చూడండి. గచ్చిబౌలిలో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ ఉంది, 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ. ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మే, ఎమ్మెస్సీ ఉన్నాయి. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, ఆర్థికశాస్త్రం, చరిత్ర, తెలుగు కూడా. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ అనే పరీక్ష పెట్టారు. దాని దరఖాస్తులు ఇంటర్ ఫలితాలు రాకముందే అయిపోతాయి, మన పిల్లలకు ఆ సంగతి ఫలితాలొచ్చాక తెలుస్తుంది. సైన్సు మీద నిజంగా ప్రేమున్నవాళ్లకు ఐసర్‌లు, అంటే సైన్సు చదువు, పరిశోధన కోసం కేంద్రం పెట్టిన సంస్థలు ఉన్నాయి, తిరుపతిలో ఒకటి ఉంది, వాటికీ వేరే పరీక్ష. ఇక్కడ ఫస్టియర్ పిల్లలెవరైనా ఉంటే, ఈ రెండు పేర్లూ ఇప్పుడే రాసుకోండి. మీకు ఏడాది టైముంది.

బైపీసీ పిల్లల తల్లిదండ్రులతో రెండు మాటలు. నీట్ ఒకసారి రాయించండి, సరిగా చదివిన పిల్లయితే ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు కూడా పంపండి. కానీ మార్కులు దరిదాపుల్లో లేకున్నా రెండో ఏడు, మూడో ఏడు అని భూమి అమ్మి కోచింగ్‌కు కట్టేవాళ్లను చూస్తే నాకు నిద్రపట్టదు. ఆ పిల్లలు ఎంత కుంగిపోతారో ఇంట్లో చెప్పరు. బైపీసీ అంటే డాక్టరు ఒక్కటే కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ కాలేజీ ఉంది. వనపర్తి జిల్లా మోజర్లలో ఉద్యాన కాలేజీ, పెబ్బేరులో మత్స్య కాలేజీ ఉన్నాయి. ఇవి మన పక్కనే ఉన్నాయి, ఎప్‌సెట్ ర్యాంకుతో సీటు వస్తుంది. వ్యవసాయ కోర్సులకు రైతు కుటుంబాల పిల్లలకు ఫార్మర్స్ కోటా ఉంది. పట్టాదారు పాస్‌బుక్కు ఇంట్లో పెట్టుకుని, ఆ కోటా ఉన్నట్టే తెలియని ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు! మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి. ఆసుపత్రులు పెరిగితే నర్సింగ్‌కు, ల్యాబ్ టెక్నాలజీకి, డయాలసిస్, అనస్థీషియా టెక్నీషియన్లకు పని పెరుగుతుంది. నర్సింగ్ అనగానే తల తిప్పేసుకునే కాలం పోవాలి.

ఇంజినీరింగ్ గురించి ఎక్కువ చెప్పను, దానికి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కటే. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో ఎలక్ట్రికల్ వస్తుంటే, దాన్ని వదిలేసి ఊరూ పేరూ లేని కాలేజీలో లక్షలు కట్టి మేనేజ్‌మెంట్ సీట్లో కంప్యూటర్స్ తీసుకోకండి. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టింది మన జిల్లాలోనే. కరెంటు చదువుకు పని లేదనేవాళ్లు అది చూసి రావాలి.

ఇప్పుడు ఫీజులు. "ఒక్క రూపాయి కట్టక్కర్లేదు" అంటే ఎవరు కడుతున్నట్టు? సర్కారు ఇచ్చే రీయింబర్స్‌మెంట్ నుంచి వాళ్లకు వస్తుంది. సర్కారు స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు ఈపాస్‌లో దరఖాస్తు పెట్టాల్సింది మీరు. బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఇది రాదు. ఇక బకాయిలు పడినప్పుడు ఏం జరుగుతుంది? కోర్సు అయిపోయి మెమో, టీసీ కోసం పోతే "మీ ఫీజు సర్కారు నుంచి రాలేదు, మీరు కట్టి తీసుకుపోండి" అంటారు. పీజీ కౌన్సెలింగ్ రేపనగా ఇవాళ ఆ మాట అంటే ఆ నాయన ఏం చేస్తాడు? మిత్తికి తెస్తాడు. అందుకే చేరేముందే అడగండి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఇస్తారా ఇవ్వరా, స్పెషల్ ఫీజు ఎంత, బస్సు ఫీజు ఎంత, పరీక్ష ఫీజు ఎంత. నోటి మాట కాకుండా కాగితం మీద రాయించుకోండి. ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లొచ్చి స్కాలర్‌షిప్ అంటే, అది సర్కారుదా, వాళ్లిచ్చే తగ్గింపా, మొదటి ఏడాదికేనా, అన్నేళ్లకూనా అని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం సీటు ఖాయం కాకముందు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఎవరు అడిగినా సరే.

అక్కడ మూల కూర్చున్న అమ్మాయిలు ఇందాకటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. మీ తరఫున నేను మీ నాయనలతో మాట్లాడతాను. "దగ్గర్లో ఏది ఉంటే అది చదువు బిడ్డా" అంటారు. భయం ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఇన్నాళ్లూ చార్జీలకు వెనకాడి ఆపిన దారి ఇప్పుడు తెరిచి ఉంది. దేవరకొండ నుంచి నల్లగొండ పోయి చదువుకుంటానంటే పంపండి. రోజూ పోయి రావడం కష్టమనుకుంటే గురుకుల డిగ్రీ కాలేజీలున్నాయి, ఆడపిల్లలకు చదువూ, వసతీ, భోజనమూ అక్కడే. వాటి అడ్మిషన్ నోటిఫికేషన్ వేరుగా వస్తుంది, పేపర్లో చూస్తూ ఉండండి. అన్నకు బీటెక్, చెల్లెకు ఊరి పక్కన ఏదో ఒక డిగ్రీ అనే లెక్క మాత్రం వద్దు. మా క్లాసుల్లో మొదటి వరుసలో కూర్చుని, టైట్రేషన్ ముందుగా వచ్చేది ఆ చెల్లెళ్లకే.

తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిషంటే టెన్షన్ ఉంటుంది. మొదటి సెమిస్టర్ కష్టమే. దానికోసం ఇష్టమైన సబ్జెక్టు వదులుకోకండి. పాఠం తెలుగులో అర్థం చేసుకుని, రోజూ ఒక పేజీ ఇంగ్లిషులో సొంతంగా రాసి సారుకు చూపించండి. చూడనన్న సారు నాకింతవరకు తగల్లేదు.

ఇక మీరు అడగండి.

(ఒక తండ్రి: సార్, మావాడు ఎంపీసీ. మార్కులు మామూలుగా వచ్చినయి. వాడు పని చేసుకుంట చదువుతా అంటుండు. ఓపెన్ డిగ్రీ పెట్టొచ్చా?)

పెట్టొచ్చు కాకా. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో ఇందుకోసమే పెట్టింది. ఆ డిగ్రీ ఉద్యోగ పరీక్షలకు చెల్లుతుంది. కానీ ల్యాబ్ ఉన్న సైన్సు చదవాలంటే, ఆ వయసులో రోజూ కాలేజీకి పోవడమే మేలు. బాబు నిజంగా ఇంటికి ఆసరా కావాల్సి వచ్చి పని చేస్తానంటున్నాడా, లేక మార్కులు తక్కువొచ్చాయని చదువు మీద మనసు విరిగిందా? ముందు అది కూర్చోబెట్టి అడగండి. మొదటిదైతే ఓపెన్ డిగ్రీ. రెండోదైతే దోస్త్‌లో పెట్టించండి. మామూలు మార్కులకు కూడా ప్రభుత్వ కాలేజీల్లో సీట్లుంటాయి.

(ఒక విద్యార్థిని: సార్, నాకు బీకాం ఇష్టం. ఇంట్లో బైపీసీ చదివి బీకాం ఏందంటున్నరు.)

ఇష్టమైతే తీసుకో తల్లీ, ఇంటర్ ఏ గ్రూపైనా బీకాంకు అర్హత ఉంది. లెక్కలంటే భయం లేదు కదా? లేకపోతే సీఏ ఫౌండేషన్ గురించి కూడా కనుక్కో, అది ఇంటర్ తర్వాతే రాయొచ్చు. మీ అమ్మ వచ్చిందా? అమ్మా, రెండేళ్లు బైపీసీ చదివింది కాబట్టి ఇంకో మూడేళ్లు ఇష్టం లేకున్నా అదే చదవాలంటే, పోయేది మూడేళ్లు కాదు, ఐదేళ్లు.

(ఒక విద్యార్థి: సార్, నాకు ఫిజిక్స్ సప్లీ ఉంది. నేను ఏం చెయ్యాలి?)

ముందు సిగ్గుపడటం మానెయ్ నాన్నా, నీతోపాటు ఈ హాల్లో ఇంకొందరున్నారు. దోస్త్ ఒక్క విడతతో అయిపోదు, సప్లిమెంటరీ ఫలితాల తర్వాత కూడా విడతలుంటాయి. పరీక్ష రాయి. ఈలోపల ఏ కోర్సు, ఏ కాలేజీ అన్నది ఇంట్లో కూర్చుని వరుసగా కాగితం మీద రాసిపెట్టుకో. సర్టిఫికెట్ల పని ఇప్పుడే చేసుకో. నీ ఫోను ఆధార్‌కు లింకైందో లేదో చూసుకో. ఫిజిక్స్‌లో ఏ చాప్టర్ రావట్లేదు? ఎలక్ట్రిసిటీనా? సమావేశం అయ్యాక ఆగు, ఇక్కడి ఫిజిక్స్ సారును కలుపుతాను. మిగతా సప్లీ పిల్లలు కూడా ఆగండి.